ఆడపిల్లకు నిలువనీడ

ఈ సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. శాతవాహనులను గురించో కాకతీయులను గురించో రాస్తే నాకు నిశ్చింతగా ఉండేది. కాని ఆ రాజుల కథలు మన పిల్లలకు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను ఎన్నుకున్న విషయం వేరు. ఇల్లు విడిచి రావలసివచ్చిన ఆడపిల్లకు నాలుగు రోజులు తల దాచుకునే చోటు మన తెలుగుదేశంలో ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా ఏర్పడింది, అది ఆమెకు ఎంతవరకు అక్కరకు వచ్చింది అన్నదే ఈ వ్యాసం. ఉత్సవ సంచికలో ఇదేమి విషయమండీ అని ఎవరికైనా అనిపించవచ్చు. అందుచేత ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి మనవి చేసుకుని, తరువాత చరిత్రలోకి వెళ్తాను.

నేను 1982లో రువైస్ వచ్చాను. ఇక్కడి రిఫైనరీ అంతకు ముందు ఏడు, 1981లో, పని మొదలుపెట్టింది. అబూధాబీ నగరానికి పడమరగా సుమారు 240 కిలోమీటర్లు. ఒక ప్రక్క సముద్రం, మూడు ప్రక్కల ఇసుక. దగ్గరలోని జబల్ ధన్నా రేవు నుంచి 1963లోనే చమురు ఓడలు కదలడం మొదలైనా, కుటుంబాలు కాపురముండే ఊరు మాత్రం రిఫైనరీతోనే పెరిగింది. అప్పుడు ఇక్కడి తెలుగు కుటుంబాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒకరి ఇంట్లో ఆవకాయ జాడీ తెరిస్తే అందరికీ తెలిసేది. ఇప్పుడు మా అబ్బాయి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాడు, మనుమరాలు ఇక్కడే పుట్టింది. నేను చుట్టపుచూపుగా వచ్చి పోతున్నవాణ్ణి.

1994 చలికాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, మన తెలుగు డ్రైవరు ఒకాయన ఒక అమ్మాయిని మా గుమ్మం దగ్గర దింపాడు. కోనసీమ పిల్ల. ఇరవై రెండో, ఇరవై మూడో ఏళ్ళు ఉంటాయి. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి తప్ప ఏమీ లేదు. ఒక ఇంట్లో పనికి కుదిరి, ఎనిమిది నెలలు చేసి, మూడు నెలల జీతం చూసి, మిగిలింది చూడక, ఆ ఇంట్లో ఉండలేక బయటపడింది. స్పాన్సరు దగ్గర నుంచి వెళ్ళిపోయిన మనిషిని ఇంట్లో పెట్టుకోవడాన్ని ఈ దేశపు చట్టం ఒప్పదు. ఆ సంగతి నాకు తెలుసు, నా భార్యకూ తెలుసు. అయినా ఆవిడ ఆ పిల్లకు ముందు స్నానానికి నీళ్ళు పెట్టింది, తరువాత అన్నం పెట్టింది, ఆ తరువాతనే నా ముఖం చూసింది.

నాలుగు రోజులు ఉన్నది. ఐదో రోజు మేమే అబూధాబీ తీసుకువెళ్ళి మన రాయబార కార్యాలయంలో అప్పగించాము. కొంతకాలానికి ఔట్‌పాస్ మీద ఇంటికి చేరింది. మా ఇద్దరికీ మనసు కుదుటపడింది. మేలు చేశామనుకున్నాము. తరువాత సెలవుకు వెళ్ళినప్పుడు తెలిసిన సంగతి వేరు. అత్తవారు గుమ్మం ఎక్కనివ్వలేదు. పుట్టింట్లో ఏజెంటుకు కట్టిన అప్పు వడ్డీతో పెరుగుతున్నది. ఏడాది తిరక్కుండానే ఆ పిల్ల మళ్ళీ పాస్‌పోర్టు పట్టుకుని మరో గల్ఫ్ దేశానికి పోయింది.

క్రిందటిసారి మా ఆవిడ ఈ కథ చెబుతుంటే మా మనుమరాలు అడిగింది: "తాతయ్యా, మీ ఇంట్లో నాలుగు రోజులు ఉండటం వల్ల ఆవిడకి ఏం లాభం వచ్చింది?" దానికి నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. పదహారేళ్ళ పిల్ల అడిగిన ఆ ప్రశ్ననే, మన పెద్దలు నూట నలభై ఏళ్ళ క్రిందట తమను తాము అడుగుకున్నారని తరువాత తోచింది.

మన పిల్లలకు రాజమహేంద్రవరం అంటే రైలు వంతెన మీద నుంచి కనిపించే గోదావరి, పుష్కరాల రేవు, అమ్మమ్మగారి ఊరికి బస్సు మారే చోటు. ఆ ఊళ్ళో 1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురు గౌరమ్మ, పన్నెండేళ్ళ పిల్ల, అప్పటికే వితంతువు. పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు. చేయించినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఊరంతా ఒక ఎత్తు, ఆ ఇల్లు ఒక ఎత్తు. పోలీసు బందోబస్తు పెట్టవలసివచ్చింది. పంతులుగారి దగ్గర చదువుకున్న కుర్రవాళ్ళు కాపలా కాశారు. నాలుగు రోజుల తరువాత రెండో పెళ్ళి కూడా జరిగింది. ఈ సంగతి బడిలో చదువుకున్నవారందరికీ తెలిసిందే. మనం సాధారణంగా ఆ పెళ్ళి దగ్గరే ఆగిపోతాము. నేను చెప్పదలచుకున్నది పెళ్ళికి ముందు రోజుల సంగతి, పెళ్ళి అయిన మర్నాటి సంగతి.

వితంతువుల పునర్వివాహం చట్టసమ్మతమని ప్రభుత్వం 1856లోనే శాసనం చేసింది. శాసనం కాగితం మీద ఉన్నది. కాని ఒక బాలవితంతువు తనకు పెళ్ళి కావాలని నోరు విప్పి అంటే, ఆ క్షణం నుంచి ఆమెకు పుట్టింట్లో చోటు లేదు, అత్తింట్లో అంతకన్నా లేదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద ఉన్న హక్కు పోతుందని ఆ శాసనంలోనే రాసి ఉన్నది. అంటే తిండికి ఆధారం కూడా పోయినట్టే. ఆమెను గుట్టుగా ఊరు దాటించి తీసుకురావాలి, తెచ్చిన తరువాత పెళ్ళి రోజు దాకా ఎక్కడో ఒకచోట ఉంచాలి. సత్రం ఇవ్వరు, చుట్టాలు రానివ్వరు. ఆ చోటు పంతులుగారి ఇల్లే అయింది. తెలుగునాట ఆడపిల్లలకు వెలసిన తొలి శరణాలయాల కథ అలా ఒక బడిపంతులుగారి సొంత ఇంట్లో మొదలైందని చెప్పుకోవచ్చు.

ఆ ఇంట్లో వంట చేసింది ఎవరు? వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరి నుంచి నీళ్ళు మోసుకువచ్చి, వచ్చినవాళ్ళకు వండి పెట్టారు. పీఠాల నుంచి వెలి పత్రాలు వచ్చాయి. పెళ్ళికి వెళ్ళిన స్నేహితులు కొందరు ప్రాయశ్చిత్తం చేసుకుని తప్పుకున్నారు. ఆవిడ తప్పుకోలేదు. పంతులుగారి విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. ఆ నీళ్ళ బిందె మోసిన చేతులను తలచుకునేవారు తక్కువని నాకు ఎప్పుడూ ఒక లోటుగా తోస్తుంది.

పెళ్ళి మర్నాటి సంగతి మరీ కష్టమైనది. పెళ్ళి చేసుకున్న జంట ఎక్కడికి పోవాలి? వరుని తరఫువారు కూడా వాళ్ళను వెలివేశారు. అద్దెకు ఇల్లు ఇచ్చేవారు లేరు. పంతులుగారు వాళ్ళకు ఇల్లు చూడాలి, ఖర్చులకు ఇవ్వాలి, వరునికి ఉద్యోగం చూడాలి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు పెద్ద మొత్తాలు విరాళంగా ఇవ్వకపోతే ఆ పని రెండు మూడు పెళ్ళిళ్ళతో ఆగిపోయి ఉండేది. పంతులుగారు మొత్తం మీద సుమారు నలభై పెళ్ళిళ్ళు చేయించారని చెబుతారు. ఆ దంపతులలో అందరూ ఆదర్శ దంపతులు కారు. సంస్కారం కోసం కాక, ఇచ్చే సాయం కోసం వచ్చినవాళ్ళూ ఉన్నారు. అటువంటి వారి వల్ల పడిన బాధను పంతులుగారు తమ స్వీయచరిత్రలో దాచుకోలేదు. మంచి పని చేసేవారు తమకు ఎదురైన చేదును ఇలా రాసిపెట్టడం అరుదు. అందుకే ఆ పుస్తకం మీద నాకు అంత గౌరవం.

ఈ అనుభవంతోనే ఆయనకు ఒక సంగతి స్పష్టపడి ఉండాలి. పెళ్ళి ఒక్కటే దారి అనుకుంటే, పెళ్ళి వద్దనుకునే వితంతువు మాటేమిటి? వరుడు దొరకని పిల్ల మాటేమిటి? 1890ల చివరలో మద్రాసులో, ఆ తరువాత రాజమహేంద్రవరంలో ఆయన వితంతు శరణాలయం నడిపారు. అక్కడ చోటుతో పాటు చదువు ఉన్నది. హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తినంతా దానికి రాసిచ్చారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు, 1919లో పంతులుగారు కీర్తిశేషులయ్యారు. సమాజం పేరు మీద విద్యాసంస్థలు ఆ ఊళ్ళో నిలిచాయి.

ఇదే కాలంలో దేశంలో మరికొన్ని చోట్ల కూడా ఇటువంటి ప్రయత్నం జరిగింది. బొంబాయిలో పండిత రమాబాయి 1889లో శారదాసదనం తెరిచారు. పూనాలో కార్వేగారు 1896లో వితంతువుల ఆశ్రమం పెట్టారు. మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి, తానే బాలవితంతువు అయి 1911లో పట్టభద్రురాలై, కొద్దిమంది వితంతు బాలికలతో తన ఇంట్లో మొదలుపెట్టిన పని తరువాత సముద్రపుటొడ్డున ఐస్ హౌస్ భవనంలో హాస్టలుగా పెరిగింది. ఆ పిల్లలు ఉపాధ్యాయినులై బయటకు వచ్చారు. మన గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు 1922లో శారదానికేతనం స్థాపించారు. అదే సంవత్సరం 'మాలపల్లి' నవల అచ్చయింది. నవలను గురించి అందరికీ తెలుసు. నికేతనాన్ని గురించి గుంటూరు దాటితే తెలిసినవారు తక్కువ.

మద్రాసులోనే మరొక రకం నీడ అవసరమైంది. కళావంతుల కుటుంబాలలో పుట్టి ఆ వృత్తి వద్దనుకున్న పిల్లలకు ఏ హాస్టలూ తలుపు తెరవలేదు. 1930లో అటువంటి పిల్లలు కొందరు డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి గుమ్మం తొక్కితే, వాళ్ళను చేర్చుకునే చోటు దొరకక ఆమె తన ఇంట్లోనే పెట్టుకున్నారు. అవ్వై హోమ్ అలా పుట్టింది. తెలుగువారిలో యామినీ పూర్ణతిలకమ్మగారు అదే నగరంలో హిందూ యువతీ శరణాలయం నడిపారు. దరిశి చెంచయ్యగారు తమ ఆత్మకథలో ఆమె పనిని గురించి రాశారు. ఆమెను మనవారు మరచిపోయారనే చెప్పాలి.

ఈ కథలన్నీ చదువుతున్నప్పుడు నాకు మన పాత ఇళ్ళ అరుగు గుర్తుకు వస్తుంది. మన పిల్లలు అరుగు చూసి ఉండరు. వీధి గుమ్మానికి రెండు ప్రక్కలా కట్టిన దిమ్మెలు. దారిన పోయేవాడు ఎండకు కూర్చోవచ్చు, రాత్రి పడుకోవచ్చు, ఎవరని అడిగేవారు లేరు. అయితే అరుగు మీద కాపురం పెట్టలేము గదా. తెల్లవారి లేచి పోవడానికి ఒక ఊరు, ఒక దారి ఉన్నవాడికే అరుగు ఉపకారం. ఎటూ పోలేనివాడికి అది మర్నాడు మళ్ళీ అదే వీధి.

ఈ సంగతిని అందరికన్నా బాగా అర్థం చేసుకున్న తెలుగు స్త్రీ దుర్గాబాయమ్మగారు. ఆమె 1909లో రాజమహేంద్రవరంలోనే పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ తెలిసిన తరువాత ఆ పెళ్ళిని ఆమె కాదనుకున్నారు. తండ్రి ఆమెకు అండగా నిలిచారు. ఆ తండ్రి నిలవకపోతే ఆమె గతి ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు, ఆయన దేవదాసీలతో మాట్లాడాలని పన్నెండేళ్ళ పిల్ల పట్టుపట్టి, అయిదువేల రూపాయలు పోగుచేసి సభ జరిపించింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. మదురై జైలులో, తాము ఏ నేరానికి అక్కడ ఉన్నారో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో తెలియని స్త్రీలను చూశారు. న్యాయశాస్త్రం చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది.

ఆమె ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదవాలని వాల్తేరు వెళ్ళినప్పుడు జరిగిన ముచ్చట మన ఆడపిల్లలు తప్పక తెలుసుకోవాలి. అప్పటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి సీటు ఇవ్వలేనన్నారు. ఆమె ఊరుకోలేదు. చదువుకోదలచిన ఆడపిల్లలు రావలసిందని పత్రికలో ప్రకటన వేయించి, కొద్దిమందిని పోగుచేసి, తామే ఒక హాస్టలు మొదలుపెట్టి, ఇదిగో హాస్టలు అని చూపించారు. సీటు ఇవ్వక తప్పలేదు. తలదాచుకునే చోటు లేక చదువు ఎలా ఆగిపోతుందో ఈ ఒక్క సంగతి చెబుతుంది. ఆ రోజులలో మిగిలిన పిల్లలు ఎంతమంది హాస్టలు లేదన్న మాట విని తిరిగి ఇంటికి పోయారో మరి!

1937లో ఆమె మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. చదువు మధ్యలో ఆగిపోయినవారు, భర్త వదిలిన వారు, వితంతువులు అక్కడికి వచ్చేవారు. ఏళ్ళ తరబడి బడి చదివే తీరిక వాళ్ళకు లేదు. అందుకని బెనారస్ మెట్రిక్ పరీక్షకు తొందరగా తయారు చేసే తరగతులు పెట్టారు. మెట్రిక్ ఉంటే నర్సు శిక్షణకు పోవచ్చు, టీచరు శిక్షణకు పోవచ్చు. సభ తరువాత హైదరాబాదుకు కూడా విస్తరించింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు ఆమె మొదటి అధ్యక్షురాలు. మద్రాసులో తాము ఇంటి దగ్గర చేసి చూసిన పనినే 1958లో దేశమంతటికీ పథకంగా తెచ్చారు. బడి మానేసిన వయోజన స్త్రీలు రెండేళ్ళలో పరీక్షకు కూర్చునే తరగతులు అవి. 1981లో ఆమె స్వర్గస్థులయ్యారు. మన రిఫైనరీ పని మొదలైన సంవత్సరమే అది.

ప్రభుత్వపు లెక్కలో 'స్వల్పకాలిక వసతి గృహం' అనే మాట వచ్చింది 1969లో. కుటుంబ కలహాల వల్ల, మనోవ్యాకులత వల్ల, వెలి వల్ల, మోసపోవడం వల్ల ఆపదలో ఉన్న స్త్రీలకూ బాలికలకూ ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా చోటు, వైద్యం, సలహా, చేతిపని నేర్పడం ఆ పథకం ఉద్దేశం. దానికి ముందు, 1956 నాటి అసభ్య వ్యాపార నిరోధక చట్టం కింద రక్షణ గృహాలు ఏర్పడ్డాయి. అక్కడికి మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద పంపేవారు. వెళ్ళాలనుకున్నప్పుడు వెళ్ళడానికి లేదు. రెండింటికీ హోమ్ అనే పేరు ఉండటం వల్ల జనంలో ఒక అపోహ మిగిలిపోయింది. హోమ్‌లో ఉండి వచ్చింది అంటే ఆ పిల్లది ఏదో తప్పు అన్నట్టు చూసే చూపు మన పల్లెల్లో ఈనాటికీ పూర్తిగా పోలేదు. ఆ చూపు వల్లనే, వెళ్ళదగిన పిల్లలు కూడా వెళ్ళకుండా ఉండిపోతారు.

తరువాత పథకాల పేర్లు మారుతూ వచ్చాయి. 2001-02లో స్వాధార్, ఆ తరువాత రెండు పథకాలనూ కలిపి స్వాధార్ గృహ్, 2022 నుంచి శక్తి సదన్. 2015 నుంచి 'సఖి' కేంద్రాలు వచ్చాయి. దెబ్బలు తిని వచ్చిన స్త్రీకి అక్కడే వైద్యం, పోలీసు, వకీలు సాయం అందించాలని వాటి ఏర్పాటు. వాటిలో అయిదు రోజుల దాకా ఉండవచ్చు. మన ఇంట్లో ఆ పిల్ల ఉన్నది నాలుగు రోజులు. అందుచేత ఆ అయిదు రోజుల నియమం మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది.

అయితే అయిదు రోజులు దండగ అని నేను అనను. కంటినిండా నిద్ర పట్టని మనిషికి మొదటి రెండు రోజులు నిద్రకే చాలవు. మూడో రోజుకు మాట పెగులుతుంది. డాక్టరు చూస్తాడు. కాగితాలు ఎక్కడ ఉన్నాయి, ఎవరి దగ్గర ఉన్నాయి అన్నది తేలుతుంది. ఇంటికి కబురు పెట్టాలా వద్దా అన్నది ఆ పిల్లే నిర్ణయించుకోగలుగుతుంది. ప్రాణం నిలబెట్టడానికి ఆ రోజులు చాలు. బ్రతుకు నిలబెట్టడానికి చాలవు.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. లండనులో దెబ్బలు తిన్న భార్యలకు మొదటి ఆశ్రయం 1971లో చిస్విక్ పేటలో తెరిచారు. చిన్న ఇల్లు, పట్టనంతమంది జనం. అమెరికాలో ఇల్లు విడిచిన పిల్లల కోసం 1974లో చట్టం చేసి, కొద్దిరోజుల ఆశ్రయాలు పెట్టారు. ఇప్పుడు అక్కడ గరిష్ఠ గడువు 21 రోజులు. ఆ పిల్లలను తరువాత కూడా వెంబడించి చూసిన పరిశోధకులు కనుగొన్నది ఏమంటే, వచ్చిన కొద్ది వారాలలో మంచి మార్పు కనిపిస్తుంది. ఇంటితో తగవు తగ్గుతుంది, చదువు మీద ధ్యాస వస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఆ మేలులో కొంత కరిగిపోతుంది. అందుకే ఏడాదిన్నర దాకా ఉండే ఇళ్ళు వేరుగా పెట్టవలసివచ్చింది. మన పంతులుగారికీ దుర్గాబాయమ్మగారికీ ఈ పరిశోధనలు లేవు. తమ ఇంట్లో కళ్ళెదుట చూసి తెలుసుకున్నారు.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. గోడలు కట్టి బోర్డు పెట్టినంత మాత్రాన లోపల క్షేమం ఉన్నట్టు కాదు. 2018లో బీహారులో టాటా సంస్థవారు ఆశ్రయ గృహాలను తనిఖీ చేసి ఇచ్చిన నివేదిక వల్ల, ముజఫర్‌పూర్ బాలికా గృహంలో జరిగిన ఘోరం బయటపడి, కోర్టు శిక్షల దాకా వెళ్ళింది. రాజ్యలక్ష్మమ్మగారి వంటింట్లో ఉన్న పిల్లకు ఎవరి కాపలా అక్కరలేకపోయింది. వంద మంది పట్టే భవనంలో ఉన్న పిల్లను బయటివాళ్ళు వచ్చి పలకరించి పోతూ ఉండాలి.

ఇక మనమున్న చోటి సంగతి. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఇంటిపనికి గల్ఫ్ వచ్చే స్త్రీలు ఎక్కువ. కువైట్‌కు మరీ ఎక్కువ. చదువుకున్న ఉద్యోగులం మనం ఒక వీసా మీద వచ్చాము, వాళ్ళు మరొక వీసా మీద వచ్చారు. మన పిల్లలు పార్కులో ఆడుకుంటున్నప్పుడు ప్రక్క బెంచీ మీద కూర్చున్న ఆయమ్మ మన భాషే మాట్లాడుతున్నదని చాలాసార్లు మనకు తెలియదు. ఎమిరేట్లలో 2006లో మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. 2007లో దుబాయిలో స్త్రీలకూ పిల్లలకూ సంస్థ ఏర్పడింది. 2008లో అబూధాబీలో 'ఈవా' ఆశ్రయాలు వచ్చాయి. ఇంటిపనివారికి వారానికొక సెలవు, రోజుకు పన్నెండు గంటల విశ్రాంతి, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంచుకునే హక్కు అంటూ 2017లో చట్టం చేశారు. 2022లో దాని స్థానంలో కొత్తది వచ్చింది. 1994లో ఇవేవీ లేవు. ఆ పిల్ల ఈ రోజు వచ్చి ఉంటే మేము మరొక తలుపు తట్టగలిగేవాళ్ళం.

మన దేశం వైపు కూడా కట్టుబాట్లు వచ్చాయి. ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన పాస్‌పోర్టు మీద ఇంటిపనికి వచ్చే స్త్రీకి ముప్ఫై ఏళ్ళు నిండాలి. పంపే పని ప్రభుత్వ సంస్థలకు అప్పగించారు. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఉన్నాయి. 2009 నుంచి రాయబార కార్యాలయాల దగ్గర ప్రవాసుల సంక్షేమ నిధి ఉన్నది. దానిలో నుంచి తాత్కాలిక వసతికీ టిక్కెట్టుకూ ఇవ్వవచ్చు. అయినా విజిటు వీసా మీద దొంగదారిన వచ్చేవారు ఆగలేదు. వయసు కట్టుబాటు పెట్టినందువల్లనే ఏజెంట్లు ఆ దారి పట్టించారని నా అభిప్రాయం. దీనికి ఒప్పుకోని మిత్రులు మన సంఘంలోనే ఉన్నారు.

ఈ ఏర్పాట్లన్నీ విమానం ఎక్కించేదాకా వచ్చి అక్కడ ఆగుతాయి. దిగిన తరువాత శంషాబాదులోనో గన్నవరంలోనో ఆ మనిషికి ఎదురు వచ్చేవారు ఎవరు? 1881లో గౌరమ్మ విషయంలో వచ్చిన ప్రశ్నే ఇది. పెళ్ళి మర్నాడు ఎక్కడికి పోవాలి? పంతులుగారు ఇల్లు చూశారు, వరునికి ఉద్యోగం చూశారు. 181 నంబరుకు ఫోను చేస్తే మహిళా హెల్ప్‌లైన్‌వారు దగ్గరలోని సఖి కేంద్రానికి దారి చెబుతారని, మనం ఇక్కడి నుంచి ఇంటికి పంపే స్త్రీకి ఒక చీటీ మీద రాసి ఇవ్వవచ్చు. అప్పు ఎంత, ఎవరికి, వడ్డీ ఎంత అన్నది ఇక్కడే కూర్చోబెట్టి అడిగి తెలుసుకోవచ్చు. మేము ఆ నాలుగు రోజులలో అది అడగలేదు. ఆ పిల్ల చెప్పబోతే కూడా, ముందు ఇంటికి చేరు తల్లీ, తరువాత చూసుకోవచ్చు అన్నాము.

మా మనుమరాలికి ఈ కథంతా చెప్పాను. అది శ్రద్ధగా విని, "అయితే మీరు మర్నాడు సంగతి చూడలేదన్నమాట" అన్నది. అవునన్నాను.

ఆ కోనసీమ పిల్ల తరువాత రెండో దేశంలో ఏడేళ్ళు పని చేసిందని, అప్పు తీర్చిందని, తిరిగి వచ్చి అమలాపురం దగ్గర కుట్టుమిషను పెట్టుకున్నదని 2004లో మా బావమరిది చెప్పాడు. ఆమె కూతురు నర్సింగులో చేరిందట. మా ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు మా ఆవిడ ఇచ్చిన దుప్పటి ఇంకా ఉన్నదని కబురు చేసింది. మా ఆవిడ ఆ సంవత్సరం సెలవుల్లో వెళ్ళి చూసి వచ్చింది. నేను వెళ్ళలేదు. ఆమె ఎదుట కూర్చుని ఏం మాట్లాడాలో నాకు తోచలేదు.